మూతి బరువు

కారు వెనక ట్రైలర్ కొక్కెం బిగించుకుని నెల దాటింది. ఇన్నాళ్ళలో వెర్నా క్లోజ్‌కి దానివల్ల ఒరిగిందల్లా మోకాలి కింద రెండు కమిలిన మచ్చలు. టపా సంచులు దింపుకోవడానికి వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ ఆ కొక్కెం మీది ఇనప గుండు ఎముకకి తగిలేది. కెల్లన్ బేలో అదో నవ్వులాట అయిపోయింది. "దాంతో ఏం లాగుతావు వెర్నా, ఉత్తరాలా?" అని పెట్రోలు బంకు దగ్గర ఒకరు, "ముందు ఆ కారునే ఎవరన్నా లాగాలేమో" అని బేకరీ దగ్గర ఇంకొకరు. వారానికి అయిదు రోజులు, రోజుకి నూట ఎనభై కిలోమీటర్లు మట్టిరోడ్ల మీద టపా పంచే మనిషి ఆమె. యాభై ఏడేళ్ళు. ఆ మీడియం సైజు ఎస్‌యూవీ ఏ గేటు దగ్గర ఎంత వాలులో నిలుస్తుందో, ఏ గుంటలో దాని అడుగు తగులుతుందో ఆమెకి కంఠతా వచ్చు. అయినా ఎవరికీ జవాబు చెప్పలేదు. జవాబుని మంగళవారం సాయంత్రం సభకి దాచిపెట్టుకుంది.

సభ ఊరి హాల్లో. ఫిబ్రవరి నడివేసవి ఎండకి కాలిన కప్పు రేకులు చల్లారుతూ టపటపమంటున్నాయి. అధ్యక్షుడి కుర్చీలో మర్వ్ ట్రెనెరీ. అరవై ఆరేళ్ళ మనిషి, చేటలంత చేతులు, బెల్టుకి తాళాల గుత్తి. ఊళ్ళో సగం తలుపుల తాళాలు ఆ గుత్తిలోనే ఉంటాయి, మర్వ్ దాన్ని తడుముకుంటూ తప్ప మాట్లాడడు. ఆ రోజు తడుముకుంటూ చెప్పిన మాట ఇది: ఆసుపత్రి మహిళా సంఘం వాళ్ళ వంట ట్రైలర్‌ని ఇక ఫుట్‌బాల్ క్లబ్బుకి ఇచ్చేస్తున్నారు.

"పన్నెండేళ్ళు నేనే లాగాను. ఇంక నావల్ల కాదు. మీలో దాన్ని లాగే బండి ఎవరికుందో చెప్పండి? క్లబ్బు వాళ్ళకి నాలుగు పికప్‌లున్నాయి. శనివారం థెల్మా పొలం వేలానికి కూడా వాళ్ళే వచ్చి సాసేజిలు కాలుస్తారు. ఇంకేం ఉంది మాట్లాడుకోడానికి?"

వెర్నాతో కలిపి మహిళా సంఘం ఆడవాళ్ళు ఏడుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ట్రైలర్ ఎవరో దానమిచ్చింది కాదు. పాత కారవాన్ డొక్కు కొని, గోడకి కిటికీ కోయించి, పొయ్యీ సింకూ నీళ్ళ ట్యాంకూ పెట్టించుకున్నది వాళ్ళే. ఆసుపత్రిలో రెండు మంచాలూ, రోగులని పట్నం తీసుకెళ్ళే వ్యానూ ఆ కిటికీలోంచి అమ్మిన మాంసం కూరిన పాస్టీల పుణ్యమే. రిజిస్ట్రేషన్ మాత్రం మర్వ్ అధ్యక్షుడిగా ఉన్న ఊరి అభివృద్ధి సంఘం పేరున చేయించారు, అప్పట్లో అది సులువని. ఆ సులువే ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

మూల బల్ల దగ్గర థెల్మా టీ గుడ్డలు మడతపెడుతోంది. ఎనభై రెండేళ్ళ మనిషి. ఆ ట్రైలర్‌లో మొదటి పాస్టీ అంచు మడిచింది ఆమే. ఈమధ్యే పొలం పక్కవాళ్ళకి అమ్మేసింది. శనివారం పనిముట్లన్నీ గడ్డిలో వరుసలుగా పేర్చి వేలం వేస్తారు, ఆ తర్వాత ఊళ్ళో రెండు గదుల ఇంట్లోకి మారుతుంది. ముప్ఫై ఏళ్ళపాటు చుట్టుపక్కల ప్రతి పొలం వేలంలోనూ జనం కడుపు నింపిన మనిషి, తన వేలానికి తన ట్రైలర్ ఉండాలని మాత్రం కోరుకుంది. ఇప్పుడు మడిచిన గుడ్డనే విప్పి మళ్ళీ మడుస్తోంది. వెర్నా అది చూసింది. చూశాక కూర్చోలేకపోయింది.

"నేను లాగుతాను," అంది లేచి. నెల కిందట కొక్కెం బిగించుకున్నది ఆ ట్రైలర్ కోసమే.

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మర్వ్ నవ్వలేదు, నవ్వకపోవడానికే ఇంకా ఎక్కువ మండింది వెర్నాకి.

"ఆ బొమ్మకారుతోనా?" అన్నాడు జాలిగా. "వెర్నా, అది రెండు టన్నుల ట్రైలర్. పైగా పొగరుబోతుది. నా పికప్‌నే అటూ ఇటూ ఆడిస్తుంది. నీ కారుని తోకపట్టి విసిరేస్తుంది."

"రెండు టన్నులని ఎవరు తూచారు?"

"తూచక్కర్లేదు. నా చేతులకి తెలుసు."

"నా కారు పుస్తకంలో ఒకటిన్నర టన్ను లాగొచ్చని రాసుంది. నీ చేతులు పుస్తకం చదవలేదేమో."

ఈసారి నవ్వు మర్వ్ మీద పడింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. "సరే. శనివారం థెల్మా పొలానికి దాన్ని గీత పడకుండా తీసుకురా. ఊరంతా చూస్తుండగా రివర్స్ చేసి షెడ్డు పక్కన పెట్టు. నీ కారు ఆ బరువు లాగొచ్చని కాయితం కూడా చూపించు. మూడూ చేస్తే ట్రైలర్ మీ దగ్గరే ఉంటుంది. ఒక్కటి తప్పినా క్లబ్బుకి. రాసుకో రోండా."

రోండా జెర్క్ అభివృద్ధి సంఘం కార్యదర్శి, ధాన్యం గోదాముల దగ్గర లారీల కాటా చూసుకుంటుంది. పెన్ను పట్టుకుని వెర్నా వైపు చూసింది, రాయమంటావా అన్నట్టు.

"రాయి," అంది వెర్నా. "తీర్మానం అని పైన రాసి, కింద గీత కూడా గియ్యి."

ట్రైలర్ రివర్స్ చేయడం తనకి రాదన్న సంగతి ఇంటికి నడుస్తుండగా గుర్తొచ్చింది.

*

బుధవారం టపా పంచడం అయ్యేసరికి మధ్యాహ్నం మూడయింది. సంచులు దులిపి, అలాగే మర్వ్ షెడ్డుకి వెళ్ళింది. ట్రైలర్ నీడలో ఉంది, తెల్లగా, పొట్టిగా, కిటికీ మూసుకుని. మర్వ్ దాని చుట్టూ తిరిగి ఏది ఎక్కడుందో చూపించాడు. నీళ్ళ ట్యాంకు వెనక సింకు కింద, నిండుగా. గ్యాసు బండలు రెండూ వెనక కడ్డీకి. ఐసు పెట్టె, మడత బల్లలు, బంగాళాదుంపల బస్తాలు అన్నీ వెనక తలుపు దగ్గరే.

"ఇందులో ఏదీ కదపకు. పన్నెండేళ్ళుగా నేను సర్దుకున్న పద్ధతి ఇది. మూతి, అదే, బండికి తగిలించే ఈ ముందు కొస తేలిగ్గా ఉంటే బండి మీద బరువు పడదు. నీ బుల్లి కారుకి ఇంకా మంచిది."

మాట సబబుగానే తోచింది. మర్వ్ కావాలని మోసం చేసే మనిషి కాదు, ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. గుత్తిలోంచి ఒక తాళం తీసి ఇచ్చాడు. అలాంటిదే ఇంకొకటి గుత్తిలో ఉండిపోయింది.

"అది?"

"రెండోది నా దగ్గరే ఉంటుంది. శనివారం సాయంత్రం మళ్ళీ నాకు కావాలి కదా."

వెర్నా కారు వెనక్కి ఆనించి, ట్రైలర్ మూతిని గుండు మీదకి దింపింది. చిత్రంగా చాలా సులువుగా దిగింది. గొలుసులు రెండూ అడ్డంగా వేసి, కొక్కేలకి తగిలించి, దీపాల తీగ గుచ్చి, ఎడమ దీపం, కుడి దీపం చూసుకుంది. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే చేసింది. మర్వ్ చేతులు కట్టుకుని నిలబడి చూశాడు, తప్పు దొరక్కపోవడం వల్ల కాస్త చిరాకుగా.

థెల్మా పొలంలో సాధన చేద్దామని బయల్దేరింది. ఊరు దాటేవరకూ బాగానే ఉంది. కారు కొంచెం మూలిగింది, మట్టిరోడ్డు దాటి తారురోడ్డెక్కాక ఆ మూలుగూ తగ్గింది. అరవై. డెబ్బై. వెర్నా నోటికి ఏదో పాట కూడా వచ్చింది. ఎదురుగా ధాన్యం లారీ ఒకటి హోరున పక్కనుంచి వెళ్ళిపోయింది. దాని గాలి తగిలిందో లేదో, వెనక ఎవరో కారుని నడుం దగ్గర పట్టుకుని అటు తోసినట్టయింది. తర్వాత ఇటు. మళ్ళీ అటు, ఇంకా గట్టిగా. అద్దంలో ట్రైలర్ ఒకసారి ఎడమ పక్క కనబడింది, మరుక్షణం కుడి పక్క కనబడింది. కాలు బ్రేకు మీదకి పోబోయింది. వద్దని ఏదో చెప్పింది లోపల, పుస్తకమో ముప్ఫై ఏళ్ళ డ్రైవింగో. కాలు పూర్తిగా పైకి తీసేసి, స్టీరింగుని తిన్నగా పట్టుకుని, పళ్ళు బిగించి కూర్చుంది. ఊపు తగ్గింది, ఇంకా తగ్గింది. రోడ్డు పక్క గడ్డిలోకి దిగి ఆగింది.

చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. మర్వ్ అన్నది నిజమేనా అని మొదటిసారి అనిపించింది, అలా అనిపించినందుకు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, రెండు నిమిషాలు. తర్వాత మొహం టపా సంచితో తుడుచుకుంది. మిగతా పదకొండు కిలోమీటర్లూ నలభై దాటకుండా నడిపి థెల్మా పొలం చేరింది. వెనక మూడు కార్లు పోగయ్యాయి, దాటిపోతూ ముగ్గురూ హారన్ కొట్టారు.

చీకటి పడకముందే సంగతి ఊరంతా తెలిసింది. అలాంటి సంగతులకి కెల్లన్ బేలో టపా అక్కర్లేదు.

*

"ఎత్తు," అంది థెల్మా.

గురువారం, టపా పని అయ్యాక. ట్రైలర్‌ని కారు నుంచి విప్పి ముందు చక్రం మీద నిలబెట్టారు. థెల్మా మోకాళ్ళ నొప్పికి ఒక డబ్బా మీద కూర్చుని చేతికర్రతో చూపిస్తోంది.

"ఏం ఎత్తాలి?"

"మూతి ఎత్తమ్మాయ్. ఊరికే, చెయ్యేసి."

వెర్నా వంగి ఒక చేత్తో ఎత్తింది. లేచింది. పాలక్యాను లేచినంత తేలిగ్గా లేచింది. ఆమె ఆశ్చర్యంగా థెల్మా వైపు చూసింది.

"అదీ దాని పొగరు," అంది థెల్మా. "నేను పొట్టేళ్ళ ట్రైలర్‌ని పాత కారు వెనక నలభై ఏళ్ళు లాగాను. మా ఆయనకి బురదలో నడపడం తప్ప ఇంకేం వచ్చేది కాదు. మూతి ఇద్దరు కష్టపడి ఎత్తేలా ఉండాలి. తోక బరువైతే ఎంత మంచి ట్రైలరయినా కుక్క తోకలా ఆడుద్ది. వీడేమో సామానంతా తోకలో కుక్కి, అది ఊగుతోందని దాన్ని తిడుతున్నాడు."

"మర్వ్‌కి ఇంత తెలీదా?"

"ఎందుకు తెలీదు? వాడి పికప్‌ని వెనకనుంచి ఎప్పుడన్నా చూశావా? పైన ఇనప గూడు, లోపల సొరుగులు, ఫ్రిజ్జు, రెండు స్పేర్ చక్రాలు, ముందు అడ్డుకమ్మీల ఆ ఇనప గేటు, బురదలో దిగబడితే లాక్కునే వించి. ఇల్లంతా మోసుకు తిరుగుతాడు. ఆ బండి ఉత్తప్పుడే వెనక్కి కూర్చుని ఉంటుంది. ట్రైలర్ మూతి బరువు కూడా పడితే నేలకి రాసుకుంటుందని బరువంతా వెనక్కి నెట్టాడు. అలవాటయ్యాక అదే పద్ధతి అనుకున్నాడు."

వెర్నా ఇంట్లోకెళ్ళి థెల్మా స్నానాలగదిలోంచి బరువు చూసుకునే మిషను తెచ్చింది. దాని మీద చెక్క దిమ్మ నిలబెట్టి, దిమ్మ మీద ట్రైలర్ మూతి దించింది. ముల్లు పద్దెనిమిది కేజీల దగ్గర ఆగింది. కారు పుస్తకం ప్రకారం కొక్కెం నూట యాభై దాకా మోయొచ్చు.

ఇద్దరూ పనిలో పడ్డారు, అంటే వెర్నా పనిలో పడింది, థెల్మా కర్రతో చూపించడంలో పడింది. నీళ్ళ ట్యాంకు గొట్టం విప్పి నీళ్ళన్నీ ఎండిన గులాబీ మొక్కలకి వదిలేశారు. నీళ్ళు ఎక్కడికెళ్తే అక్కడ పట్టుకోవచ్చు, మోసుకెళ్ళడం దేనికి? గ్యాసు బండలు ముందు కడ్డీకి మారాయి. ఐసు పెట్టె చక్రాల మీదకి వచ్చింది. బంగాళాదుంపలు, టర్నిప్పులు, ఉల్లిపాయల బస్తాలు చక్రాలకి కాస్త ముందు, అడుగున. బల్లలు నేల మీద పడుకోబెట్టి కట్టేశారు. ప్రతి మార్పు తర్వాతా మూతి దించి ముల్లు చూసింది. నలభై. డెబ్బై అయిదు. నూట పది. చివరికి నూట ఇరవై ఎనిమిది దగ్గర నిలిచింది. ఇప్పుడు ఒక చేత్తో ఎత్తబోతే వెర్నా మోచెయ్యే సాగింది, మూతి కదల్లేదు. ఆ కదలకపోవడం చూసి ఎంత సంతోషమేసిందో ఆమెకే నవ్వొచ్చింది.

తారురోడ్డు మీదకి తీసుకెళ్ళింది. డెబ్బై. ఎనభై. లారీ ఒకటి హోరుమని పోయింది. ట్రైలర్ ఆ గాలికి ఒక్కసారి తలాడించి, తిన్నగా వెంట వచ్చింది.

తిరిగొచ్చాక రివర్సు. థెల్మా ఖాళీ బీడులో రెండు ఖాళీ డీజిల్ పీపాలు నిలబెట్టించింది, మధ్య ట్రైలర్ పట్టేంత సందు వదిలి.

"చెయ్యి స్టీరింగు కింద భాగంలో పెట్టుకో. పైన కాదు, కింద. ట్రైలర్ తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. అంతే. ఇంకేం ఆలోచించకు."

మొదటిసారి ట్రైలర్ పీపా వైపు కాదు, కంచె వైపు వెళ్ళింది. రెండోసారి ఎడమ పీపా దొర్లింది. నాలుగోసారి రెండూ దొర్లాయి. పీపాల పక్కన పడుకున్న ముసలి గొర్రెల కుక్క లేచి, బీడు అవతలకి పోయి పడుకుంది.

"ఎక్కువ తిప్పుతున్నావు. గోరంత తిప్పి ఆగు. అది ఏం చేస్తుందో చూడు, తర్వాత ఇంకో గోరంత."

"మర్వ్ అయితే ఒక్క చేత్తో తిప్పేస్తాడు."

"మర్వ్‌కి పన్నెండేళ్ళు పట్టింది. నీకు రెండ్రోజులుంది. ముందుకు పో, మళ్ళీ రా."

పదకొండోసారి పీపాలు నిలబడే ఉన్నాయి. పన్నెండోసారి దొర్లాయి. పదమూడు, పద్నాలుగు, పదిహేను నిలబడ్డాయి. వెర్నా దిగి, చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయి ఉండగా, ఆ సందులో తిన్నగా నిలబడ్డ తెల్ల ట్రైలర్‌ని చూసింది. ఒక్క మనిషి కూడా చప్పట్లు కొట్టలేదు. కుక్క మాత్రం పాత చోటికి వచ్చి పడుకుంది.

*

గోదాముల కాటా శుక్రవారం మాత్రమే తెరుస్తారు, రేవుకి ధాన్యం వెళ్ళే రోజున. పన్నెండు గంటలకి వెర్నా టపా మధ్యలో ఆపి, ట్రైలర్ తగిలించుకుని వచ్చేసరికి మూడు లారీలు వరసలో ఉన్నాయి. నాలుగోదిగా నిలబడింది. లారీ డ్రైవర్లు దిగి నీడలో నిలబడి ఈ తమాషా చూస్తున్నారు.

వంతు వచ్చాక ఇనప పలక మీదకి ఎక్కించి, చక్రాలకి చెక్కలు పెట్టి, ట్రైలర్‌ని విప్పి, కారు ముందుకి తీసింది. అద్దాల గదిలోంచి రోండా బొటనవేలు చూపించింది. బయట గోడ మీద పెద్ద ఎర్రంకెలు వెలిగాయి. 1310.

"పదమూడు వందల పది కేజీలు," అని రోండా మైకులో కూడా చదివింది, అవసరం లేకపోయినా. "రెండు టన్నులకి బాగా తక్కువే."

అప్పుడే మర్వ్ పికప్ గేటులోంచి వచ్చింది. ఎవరో ఫోను చేసుంటారు. దిగి, అంకెలు చూసి, తాళాల గుత్తి తడుముకున్నాడు.

"నీళ్ళు తీసేసుంటావు."

"తీసేశాను. నీళ్ళు థెల్మా ఇంట్లో కూడా దొరుకుతాయి మర్వ్."

"సర్దుడు కూడా మార్చావా? కదపొద్దన్నానా లేదా?" గొంతు పెరిగింది. "రోండా, ఈ కాటా ఎప్పుడు సరిచూశారు? నాకు నమ్మకం లేదు."

"పోయిన నెలే," అంది రోండా. "నీకు నమ్మకం లేకపోతే నీ బండి ఎక్కించి చూసుకో. నీ బండి బరువు నీకు తెలిసే ఉంటుంది కదా."

లారీ డ్రైవర్లలో ఒకడు "ఎక్కించు పెద్దాయనా, మేం ఆగుతాంలే" అన్నాడు. ఇంక వెనక్కి తగ్గడానికి లేకపోయింది. వెర్నా ట్రైలర్ తగిలించుకుని పక్కకి జరిగింది. మర్వ్ పికప్ పలక మీదకి ఎక్కింది, గూడు, సొరుగులు, ఫ్రిజ్జు, గేటు, వించి, మర్వ్, అన్నింటితో. ఎర్రంకెలు కాసేపు తడబడి నిలిచాయి. 3410.

మర్వ్ డ్రైవరు తలుపు తీశాడు. తలుపు చట్రానికి అంటించిన రేకు పలక మీద ఆ బండి మొత్తం ఎంత బరువు ఉండొచ్చో రాసుంటుంది. అతను దాన్ని చదివాడు. మళ్ళీ చదివాడు. వెర్నా ఉన్నచోటికి కూడా ఆ అంకెలు కనిపిస్తున్నాయి. 3050.

ట్రైలర్ తగిలించకముందే ఆ బండి మూడొందల అరవై కేజీలు ఎక్కువ మోస్తోంది. పన్నెండేళ్ళలో ఎన్నేళ్ళు ఇలా తిరిగిందో ఎవరికి తెలుసు? అంత బరువుతో రోడ్డు మీద ఏమన్నా అయ్యుంటే బీమా వాడు మొహం కూడా చూడడని అక్కడున్న డ్రైవర్లందరికీ తెలుసు. అందుకే వాళ్ళు నవ్వలేదు. ఒకడు టోపీ సర్దుకుని లారీ ఎక్కేశాడు.

వెర్నాకి గొంతుదాకా మాటలొచ్చాయి. బొమ్మకారు, తోకపట్టి విసిరేస్తుంది, నా చేతులకి తెలుసు. అన్నీ వరసగా నాలుక మీద నిలబడ్డాయి. రోండా కిటికీలోంచి రెండు చీటీలు చాపింది. వెర్నా తనది తీసుకుని మడిచి జేబులో పెట్టుకుంది. రెండోది మర్వ్ చేతికిచ్చింది.

"ఇది నీ కాయితం," అంది. "నాది రేపు సభ వాళ్ళకి చూపిస్తాను. నీది నేను అడగలేదు."

మిగిలిన టపా పంచడానికి వెళ్ళిపోయింది, ట్రైలర్‌తోనే. ఆ రోజు ఉత్తరాలు గంట ఆలస్యమయ్యాయి. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

*

శనివారం ఏడింటికే థెల్మా బీడు కార్లతో నిండిపోయింది. గడ్డిలో వరసలుగా నాగళ్ళు, కంచె తీగ చుట్టలు, గొర్రెల తొట్లు, బొచ్చు కత్తిరించే మిషన్లు, చెంచాలు నింపిన బకెట్లు, వాటిమీద తెల్ల చీటీలతో నంబర్లు. వెర్నా గేటులోంచి రాగానే జనం వేలం వరసలు వదిలేసి షెడ్డు వైపు నడిచారు. ఊళ్ళో ఇంత జనం చివరిసారి ఒకచోట చేరింది ఫుట్‌బాల్ ఫైనల్‌కే.

షెడ్డు పక్క సందు పీపాల సందుకన్నా ఒక జానెడు తక్కువ. ఒక పక్క రేకు గోడ, ఇంకో పక్క వర్షపు నీళ్ళ ట్యాంకు. వెర్నా కారు తిన్నగా ఆపి రివర్సు వేసింది. వెంటనే పదిమంది చేతులు లేచాయి. ఒకడు ఎడమకి అంటాడు, ఒకడు కుడికి అంటాడు, క్లబ్బు కెప్టెన్ ఏకంగా అద్దం పక్కకొచ్చి "తిప్పు తిప్పు తిప్పు" అంటున్నాడు. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే స్టీరింగు పై భాగానికి పోయింది. ట్రైలర్ మూల రేకు గోడకి నాలుగు వేళ్ళ దూరంలోకి వచ్చేసింది. "ఆపు!" అని అందరూ ఒక్కసారి అరిచారు.

ఆపింది. ఇంజను కూడా ఆపి, దిగింది. గుంపులో మర్వ్ టోపీ కనిపించింది, వెనకగా.

"చేతులు దించండి," అంది. గట్టిగానే అంది. "ఊపే వాళ్ళందరూ దించండి. నాకు చెప్పాల్సింది థెల్మా గురువారమే చెప్పింది. మీలో ఎవరి దగ్గరా ఇంతకన్నా మంచి మాట లేదు. ఆ కంచె దాకా వెనక్కి పొండి."

క్లబ్బు కెప్టెన్ నోరు తెరిచాడు.

"నువ్వు కూడా నాయనా."

పోయారు. వెర్నా ఎక్కి, కారు ముందుకి తీసుకెళ్ళి తిన్నగా చేసుకుంది. చెయ్యి కింద పెట్టుకుంది. గోరంత. ఆగింది. ఇంకో గోరంత. అద్దంలో రేకు గోడ నెమ్మదిగా జరిగింది, రెండో అద్దంలో నీళ్ళ ట్యాంకు జరిగింది. థెల్మా కర్ర ఆనించుకుని షెడ్డు చివర నిలబడి ఉంది, చెయ్యి ఊపకుండా. అద్దంలో ఆమె దగ్గరవుతూ, ఇంకా దగ్గరవుతూ, ఇక చాలన్నట్టు తల పంకించింది. వెర్నా బ్రేకు వేసి, దిగి, ట్రైలర్‌ని విప్పి ముందు చక్రం మీద నిలబెట్టింది. కిటికీ సరిగ్గా వేలం వరసల వైపు తిరిగి ఉంది.

రోండా చీటీని అందరికీ వినబడేలా చదివి, తీర్మానం పుస్తకంలో పిన్ను పెట్టింది. క్లబ్బు కెప్టెన్ తలగోక్కుని "అయితే మా సాసేజిలేం చేయాలి?" అన్నాడు. "ఇంటికెళ్ళి తినండి," అంది థెల్మా.

తొమ్మిదింటికల్లా పొయ్యి వేడెక్కింది. థెల్మా స్టూలు మీద కూర్చుని పిండి మడతల్లో మాంసం, దుంపలు, టర్నిప్పు ముక్కలు పెట్టి, అంచుని కజ్జికాయ మడిచినట్టు మడుస్తోంది. వేళ్ళు వంకర్లు పోయాయి గానీ మడత మాత్రం తిన్నగా పడుతోంది. కిటికీ ముందు వరస గేటు దాకా సాగింది. బయట వేలంపాట వాడి గొంతు తెరలు తెరలుగా వినిపిస్తోంది.

"ఈసారి లాటు నూట పద్నాలుగు! పికప్ ఇనప గూడు, సొరుగులతో సహా, ఫ్రిజ్జు, స్పేర్ చక్రం, వించి. పొరుగువారి సరుకు. ఎవరు మొదలుపెడతారు?"

వెర్నా కిటికీలోంచి తల బయట పెట్టి చూసింది. గడ్డిలో, నాగలికీ గొర్రెల తొట్టికీ మధ్య, మర్వ్ ఇల్లంతా నంబరు చీటీ అంటించుకుని కూర్చుని ఉంది.

"నిన్న సాయంత్రం తెచ్చి దించాడు," అంది థెల్మా పిండి మీంచి తలెత్తకుండా. పొలం వేలంలో ఇరుగుపొరుగు తమ సామాన్లు నాలుగు కలపడం మామూలే, ఎవరూ ఎందుకని అడగరు. "'ఇవి కూడా కలుపుకో థెల్మా' అన్నాడు. అంతే. ఒక్కడే విప్పుకున్నట్టున్నాడు, చేతులన్నీ గీరుకుపోయాయి."

మధ్యాహ్నానికి జనం పల్చబడ్డారు. వెర్నా బల్ల తుడుస్తుంటే ట్రైలర్ కొద్దిగా కదిలినట్టు అనిపించింది. ట్రైలర్ ముందు గోడ అద్దంలోంచి చూసింది. మర్వ్ అటూ ఇటూ చూసి, వంగి, మూతి కింద ఒక చెయ్యి పెట్టి ఎత్తుతున్నాడు. లేవలేదు. రెండో చెయ్యి కూడా పెట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి. చక్రం నేల వదలలేదు.

"నడుం పట్టుకుంటుంది మర్వ్," అంది వెర్నా అద్దం తీసి. "మోకాళ్ళు వంచి ఎత్తు."

అతను ఉలిక్కిపడి, చేతులు దులుపుకుని, నెమ్మదిగా కిటికీ ముందుకి వచ్చాడు. కాసేపు ధరల పలక చదివాడు, తనకి తెలియనివి ఏవో అందులో ఉన్నట్టు.

"నాకూ భయమేసేది," అన్నాడు చివరికి. "ఆ ఊపుడికి. ప్రతిసారీ స్టీరింగు పట్టుకుని చెమటలు పట్టేసేవి. పన్నెండేళ్ళు. ట్రైలరే అలాంటిది అనుకున్నాను."

"ఎవరికన్నా చెప్పుంటే అప్పుడే తూచేవాళ్ళం."

"చెప్పలేకపోయాను."

"నీకు భయమేసిందని మా ట్రైలర్ తీసి క్లబ్బుకి ఇచ్చేద్దామనుకున్నావు. మాకు లాగే బండే లేదని కూడా అన్నావు."

"అన్నాను," అన్నాడు మర్వ్. "ఒక పాస్టీ ఇస్తావా? పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

వెర్నాకి జాలేసింది. జాలిపడింది గానీ మెత్తబడలేదు. పొయ్యిలోంచి వేడిదొకటి తీసి, కాగితం సంచిలో పెట్టి, ఆ సంచిని తన చేతిలోనే ఉంచుకుంది. రెండో చెయ్యి కిటికీ బల్ల మీద, అరచెయ్యి పైకి పెట్టి చాపింది.

"రెండో తాళం," అంది.

మర్వ్ ఆ చేతిని చూశాడు. స్టూలు మీంచి థెల్మా కూడా చూస్తోంది, మడత సగంలో ఆపి. అతను బెల్టు నుంచి గుత్తి తీశాడు. ఆ ఇనప చుట్ట బిర్రుగా ఉంది, గీరుకుపోయిన వేళ్ళకి లొంగలేదు. ఒక గోరు దూర్చాడు, జారింది. వేలు మార్చి మళ్ళీ దూర్చాడు. వెర్నా సాయం చేయలేదు, చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి తాళం చుట్టంతా తిరిగి ఊడొచ్చింది. అతను దాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు.

వెర్నా దాన్ని ఏప్రను జేబులో వేసుకుని, పాస్టీ సంచి అతని ముందు పెట్టింది.

"సాసు కావాలా?" అని అడిగింది.